రక్తపోటు పడిపోయిన ఆ రాత్రి ఎవరి బాధ్యత?

ప్రశ్న: పది నెలల క్రితం ఉప్పల్‌లో కారు ఢీకొని మా తమ్ముడి తలకు గాయమైంది. ఆస్పత్రిలో చేర్చినప్పుడు మాట్లాడాడు. ఆ రాత్రి ఐసీయూలో బీపీ 80కి పడిపోయి చాలాసేపు అలాగే ఉందట. ఇప్పుడు మంచానికే పరిమితమయ్యాడు. అంతా ప్రమాదంలో తగిలిన దెబ్బ వల్లేనంటోంది ఆస్పత్రి. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చమ్మా. మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు వంతులే అయినా, అయిదో వంతు ఆక్సిజన్ దానికే కావాలి. నిల్వలు దాదాపు ఉండవు. గ్లూకోజు, ఆక్సిజన్ క్షణక్షణం రక్తంతో అందాల్సిందే. గాయపడిన కణాలకు తేరుకోవడానికి తొలి గంటల్లో మరింత శక్తి అవసరం. అప్పుడే రక్తపోటు పడిపోతే ఆక్సిజన్ చాలక గ్లూకోజు సగంలోనే ఆగి లాక్టేట్‌గా పేరుకుంటుంది. కణాలు ఉబ్బి చనిపోతాయి. వైద్యులు దీన్ని సెకండరీ ఇన్సల్ట్, అంటే రెండో దెబ్బ అంటారు. కారు కొట్టిన దెబ్బను ఏ డాక్టరూ వెనక్కి తీసుకోలేడు. ఈ రెండో దెబ్బను కనిపెట్టి ఆపడం ఐసీయూ పని.

అయితే బీపీ పడిపోయినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. ఎప్పుడు గమనించారు, ఏం చేశారు, పెద్ద డాక్టరును ఎన్నింటికి పిలిచారు? ఇవి డిశ్చార్జి సమ్మరీలో దొరకవు, నర్సులు గంటగంటకూ నింపే చార్టులో దొరుకుతాయి. నేను చూసిన ఒక కేసులో సమ్మరీ 'నిలకడగా ఉన్నారు' అంటే, చార్టులో రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా గళ్లన్నీ ఖాళీ. అందుకే చార్టు, మందుల పట్టిక, రెండు స్కాన్‌లు ఉంటే రెండూ రాతపూర్వకంగా అడగండి. 2002 వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆస్పత్రికి కట్టిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చికిత్స అందరికీ ఉచితంగా ఇచ్చే ప్రభుత్వాసుపత్రి అయితే ఈ దారి లేదు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని మన హైదరాబాద్ కేసులోనే, వి. కిషన్‌రావు తీర్పులో, 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీరు దాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. ఏ నష్టం ఏ దెబ్బ వల్ల జరిగిందో విడదీసి చెప్పడానికి ఒక న్యూరోసర్జన్ అభిప్రాయం మీకు తప్పనిసరి.

కారు బీమా సంస్థపై మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌లో కేసు ఉంటే దాన్ని మాత్రం వదులుకోకండి. చార్టు కోసం దరఖాస్తు ఈ వారమే ఇచ్చి, నకలు మీద ఆస్పత్రి ముద్ర, తేదీ వేయించుకోండి.