సెంటర్‌లో చేరకుండా మందు మానొచ్చా? మానినవాడిగా నా జవాబు

మీరడిగింది ఇదీ: అన్నయ్యకు నలభై దాటాయి, పొద్దున్నే ఒక పెగ్గు పడితేగాని చేతులు నిలవవు. డీ-అడిక్షన్ సెంటర్ మాటెత్తితే ఇల్లు వదిలి పోతానంటున్నాడు. అయ్యప్ప మాల వేయిస్తే అదే పోతుందని అమ్మ అంటోంది. ఇంట్లోనే ఉంచి మాన్పించడం అయ్యే పనేనా?

అయ్యే పనే. నేను అలాగే మానాను, ఏ సెంటర్లోనూ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. కానీ పొద్దున్నే చేతులు వణకడం అని మీరు రాశారు చూడండి, ముందు దాని సంగతి తేలాలి.

ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడును మందు వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకు తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆపితే, పగ్గం తెగిన ఎద్దులా ఆ జోరొక్కటే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. కొందరికి రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి తప్పుతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం కాస్తుంది. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మా దగ్గర దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తులు కట్టించినవాళ్లను నేను చూశాను.

అందుకే, ఇంట్లో మానడమంటే డాక్టర్ లేకుండా మానడం అనుకోకండి. పెద్ద సర్కారు దవాఖానాల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. వరంగల్ ఎంజీఎంలో ఉంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆస్పత్రి ఉంది, విశాఖలో చినవాల్తేరు ఆస్పత్రి ఉంది. అక్కడికి పోతే పిచ్చోడంటారని నాకూ సిగ్గుగానే ఉండింది. ఓపీ వరుసలో నా పక్కన నిలబడ్డవాళ్లలో సగం మంది నాలాంటివాళ్లే. లోపల డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసి, తిన్నగా అడిగింది: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కామెర్లు అయ్యాయా, ఇంట్లో పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నారా? ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, లివర్ లేదా గుండె జబ్బు ముదిరినవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు మొదటి వారం వార్డులోనే ఉండాలి. మీ అన్నయ్యకు వాటిలో ఏదున్నా పట్టుబట్టి చేర్పించండి. అది నెలల తరబడి తాళం వేసే సెంటర్ కాదు, కొద్ది రోజుల మామూలు అడ్మిషన్.

నాకు అవేవీ లేవు కాబట్టి ఇంటికి పంపారు. వణుకు తగ్గే మాత్రలు (క్లోర్‌డయజెపాక్సైడ్ అని రాసేవారు) రెండు మూడు రోజులకు సరిపడానే ఇచ్చేవారు, అదీ మా ఇంటామె చేతికి. ఆ మాత్రలకే అలవాటు పడే ప్రమాదం ఉంది కనుక వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేశారు. తాగేవాళ్లలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది, దానికి మొదట ఇంజెక్షన్లు, తర్వాత బిళ్లలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చి సొంతంగా మింగించే పని మాత్రం చేయకండి.

ఇక మాల. అమ్మ మాటను కొట్టిపారేయను. 41 రోజులు సాయంత్రాలకు భజన ఉంటుంది, చుట్టూ స్వాములుంటారు, ఎవ్వడూ గ్లాసు అందించడు. తాగుడు మానేవాడికి అంతకంటే మంచి కట్టుబాటు దొరకడం కష్టం. అయితే మాల వేసుకున్న పూటే మందు ఆపి, ఒంటిపూట తిండితో, చన్నీళ్లతో మొదలుపెడితే పైన చెప్పిన ఫిట్స్ దీక్షలోనే వస్తాయి. డాక్టర్ దగ్గర ఒళ్లు కుదుటపడ్డాక వేయించండి. మాల తీసిన సాయంత్రం ఏం చేయాలో ముందే అనుకోండి, మా గల్లీలో చాలామంది దీక్షలు ఆ రాత్రి దావత్‌లోనే ముగిసేవి.

వారం గడిచాక నాకు ఒంటితో పేచీ లేదు, సాయంత్రం ఏడింటితోనే. దుకాణం కట్టేసే వేళకు కాళ్లు వాటంతటవే వైన్స్ వైపు తిరిగేవి. వెనక గల్లీలోంచి ఇంటికి రావడం మొదలుపెట్టాను. గల్లా లెక్కతో పాటు ఫోన్‌పే ఉన్న ఫోన్ కూడా ఇంటామెకు ఇచ్చేసేవాణ్ణి. అన్నిటికంటే పనిచేసింది చాలా చిన్న సంగతి: ఆరున్నరకే అన్నం తినేయడం. కడుపునిండా అన్నం తిన్నాక మందు మొదలుపెట్టేవాడు అరుదు, తాగేవాళ్లందరికీ ఇది తెలుసు. తర్వాత ఒక లడ్డూయో బెల్లంముక్కో. కోరిక లేచినప్పుడు లోకం మునిగినట్టే ఉంటుంది గానీ, చాలాసార్లు అరగంట దాటి నిలవదు. ఆ అరగంట ఎవరితోనైనా మాట్లాడుతూ ఉంటే చాలు.

మా వైపు దసరాకైనా దినాలకైనా సీసా లేకుండా గడవదు. మొదటి ఏడాది ఊరికి పోలేదు, తోడల్లుడు అలిగాడు, అలగనిచ్చాను. తప్పనిసరైన చోట "లివర్ మాత్రలు నడుస్తున్నయ్, ఒక్క చుక్క పడ్డా దవాఖానే" అనేవాణ్ణి. మానేశానంటే బలవంతపెట్టేవాళ్లు కూడా రోగం పేరు చెబితే గ్లాసు పక్కన పెడతారు.

నిద్ర పట్టక అల్లాడుతుంటే "కల్లు తాగరాదూ, చెట్టు మందే కదా" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. తెలంగాణలో దుకాణాల కల్లులో ఆల్ప్రజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి ఎన్నోసార్లు పట్టుబడ్డారు. ఆ కల్లు ఆగినా ఫిట్సే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డకు జనం ఎలా పోటెత్తారో వార్తల్లో చూసే ఉంటారు. మీ అన్నయ్య కల్లు కూడా తాగుతుంటే డాక్టర్‌కు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

మరొకటి, అన్నంలో తెలియకుండా కలిపే పొడులు. ప్రకటన చూసి ఏదీ కలపకండి. వేసుకున్నాక మద్యం తాగితే వాంతులు, గుండెదడ తెప్పించే మాత్ర నిజంగానే ఉంది, డైసల్ఫిరామ్ అని. తెలియకుండా పెట్టి, అతను ఆ రోజు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నేను దాన్ని తెలిసి, ఒప్పుకుని, ఇంటామె ఎదురుగా వేసుకున్నాను. పొద్దున ఒకసారి మాత్ర మింగితే, సాయంత్రం యాభైసార్లు తాగాలా వద్దా అని తేల్చుకునే పీడ తప్పుతుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందులు కూడా పనికిరావు. అందరికీ సరిపడే మందు కాదిది. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేరే ఉన్నాయి. ఏది సరిపడుతుందో లివర్ రిపోర్టు చూసి డాక్టర్ చెప్పాలి.

మనుషుల తోడు కోసం ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టారు. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మీటింగులు జరుగుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. దేవుడి మాటలు ఎక్కువని నాకు మొదట విసుగొచ్చింది. కానీ నేను చెప్పే ప్రతి సాకునూ అక్కడివాళ్లు ముందే చెప్పేసి నవ్వేవాళ్లు, అది నచ్చి వెళ్లాను.

మీ అన్నయ్య ఇప్పుడే రానంటే మీరే మొదలుపెట్టండి. కేంద్రం నడిపే టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ఉచితమే, ఇంటివాళ్లు కూడా చేయొచ్చు. ఏఏ లాగే ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ ఉంది. ఓపీకి పోయే ముందు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: రోజుకు ఎంత, ఏ రకం, పొద్దున మొదటిది ఎన్నింటికి, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, వేరే ఏ మాత్రలు వాడుతున్నాడు. డాక్టర్ దగ్గరికి పోయే రోజు వచ్చేదాకా, పరువు పోతోందని ఇంట్లో సీసాలు పారబోసి ఒక్కసారిగా ఆపించకండి. పొద్దున తాగితే వాదించకుండా పక్కన ఇంత అన్నం పెట్టండి.