నాణేల జోలికి వెళ్తున్న మా మేనకోడలికి

తల్లీ,

శాతవాహన నాణేల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "అక్కా, ఈ పిచ్చి దానికి నీ దగ్గర్నించే అంటుకుంది" అని నన్ను కోప్పడ్డాడు కూడా. నాకు మాత్రం ఒకటే సంతోషం, దాంతోపాటే ఎక్కడలేని టెన్షన్. రాత్రంతా నీకేం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

మామూలు విషయాలు మీ గైడ్ చెప్తారు. బ్రాహ్మీ లిపి చేతికి అలవాటయ్యేదాకా రాస్తూ ఉండు, ప్రాకృతం కొంచెం నేర్చుకో, గ్రాములో వందో వంతు చూపించే తూకం దగ్గర పెట్టుకో, ప్రతి నాణేన్నీ రెండు వైపులా ఫోటో తియ్యి. వెలుతురు ఒక పక్క నుంచి పడాలి, లేకపోతే అరిగిన అక్షరం కనిపించదు. అంతే.

నా భయం వేరే. నువ్వు చిన్నప్పట్నించీ అందమైనదాని వెంట పడే పిల్లవి. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న నాణెం ఒక్కటి చూశావంటే చాలు, వారం రోజులు దాని గురించే మాట్లాడతావు. అది చూడదగ్గదే, కాదనను, తూర్పు తీరంలో సముద్ర వ్యాపారం ఎంత ముఖ్యమో ఆ చిన్న సీసం ముక్క చెప్తుంది. కానీ అసలు చదువు ఆ పక్కన అరిగిపోయి, సగం అక్షరాలతో, ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న వాటిలో ఉంది.

ఎందుకంటున్నానో ఒక సంగతి చెప్తాను. నేను మ్యూజియంలో చేరిన కొత్తలో జరిగింది. ఊరి పేరు రాయను, ఆ పెద్దాయన పేరూ రాయను. ఆయన చెడ్డవాడు కాదు, నాణెం చేతిలో పెడితే చాలు రాజు పేరు చెప్పేసేవాడు. చేలో దున్నుతుంటే ఒక కుండ బయటపడింది, నిండా సీసం నాణేలు, ఒకదానికొకటి అతుక్కుపోయి మట్టితో ముద్దకట్టి ఉన్నాయట. లంకెబిందె దొరికిందని ఊరంతా గోల. అవి ఆఫీసుకి చేరినప్పుడు నేను సెలవులో ఉన్నాను. తిరిగొచ్చి చూస్తే కుండ లేదు, పగిలిందని పారేశారు. లోపలి మట్టీ లేదు. నాణేలన్నీ యాసిడ్‌తో కడిగేసి ఉన్నాయి. అక్షరాలు బాగా కనిపించేవి రాజుల వారీగా పొట్లాలు కట్టి పెట్టెలో పెట్టారు, మిగతావి "ఇవన్నీ ఒకటే రకం" అని బడులకీ, చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకీ తలా కాసిని పంచేశారు, మరీ అరిగినవి ఒక సంచిలో పోసి పైన పడేశారు.

ఏం పోయిందో చూడు. శాతవాహనుల నాణెపు బిళ్ళ చాలాసార్లు అచ్చుకంటే చిన్నది, పైగా ముద్ర ఒక పక్కకి పడుతుంది. అందుకే ఒక నాణెం మీద పేరు మొదటి సగం, ఇంకోదాని మీద చివరి సగం ఉంటాయి. పెట్టెలో మిగిలిన వాటిలో కొన్నింటి మీద "రఞో వాసిఠిపుతస", అంటే "రాజు వాసిష్ఠీపుత్రుడి" అన్నంత వరకే ఉంది. వాసిష్ఠీపుత్రులు ఒక్కరా? పులుమావి ఉన్నాడు, సాతకర్ణి ఉన్నాడు, శివశ్రీ ఉన్నాడు. ఆ మాట తర్వాత ఏముందో చెప్పగలిగేవి ఆ పంచేసిన "ఒకటే రకం" నాణేలే. ఎవరింట్లో ఉన్నాయో, ఎవరు కరిగించేశారో!

అంతేకాదు. ఒక కుండలో ఇద్దరు రాజుల నాణేలుంటే, ఎవరివి ఎక్కువ అరిగాయో చూసి ఎవరు ముందో ఎవరు తర్వాతో అంచనా వెయ్యొచ్చు, తేదీ ఒక్కటి కూడా తెలియకపోయినా. కుండ అడుగున ఏవి, పైన ఏవి అని చూస్తే డబ్బు ఒకేసారి పెట్టారా, ఏళ్ళ తరబడి దాచుకుంటూ వచ్చారా అన్నది తెలియొచ్చు. గుడ్డలో మూటకట్టి దాచి ఉంటే ఆ నేత గుర్తు తుప్పులో నిలిచి ఉంటుంది. అదంతా ఒక్క మధ్యాహ్నంలో కడిగేశారు. ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదమ్మా. పని బాగా వచ్చినవాడు కాబట్టే ఇంకా కోపం.

దీనికి ఎదురుగా జోగల్‌థెంబి నిధి చూడు. 1906లో నాసిక్ జిల్లాలో దొరికింది, 13 వేలకు పైగా క్షహరాత వంశపు శక రాజు నహపానుడి వెండి నాణేలు. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా గౌతమీపుత్ర సాతకర్ణి తన కొండ గుర్తు, కూడిక గుర్తు నాలుగు కొసలా సున్నాలున్నట్టుండే ఉజ్జయిని గుర్తు పెట్టి తిరిగి కొట్టించినవి. నహపానుడి ముఖం మీదే! క్షహరాత వంశాన్ని నా కొడుకు నిర్మూలించాడని గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహలో రాయించింది కదా, ఆ మాటకి సాక్ష్యం ఈ నాణేలే. విడివిడిగా నాలుగు చేతుల్లోకి పోయి ఉంటే ఆ లెక్క మనకి దక్కేదా? 1939లో అప్పటి అకోలా జిల్లా తర్హాళాలో దొరికిన నిధీ అంతే, పురాణాల జాబితాల్లో లేని కుంభ సాతకర్ణి, కర్ణ సాతకర్ణి లాంటి పేర్లు అందులోంచే బయటికొచ్చాయి.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నా. తెలంగాణలోని కోటిలింగాలలో శాతవాహనుల మొదటి రాజు చిముక పేరుతో నాణేలు దొరికాయి, గోబద, సామగోప లాంటి రాజులవీ దొరికాయి. శాతవాహనులు మొదట మావాళ్ళే అని ఒకరు, కాదు మావాళ్ళని ఇంకొకరు నీ చేత చెప్పించుకోవాలని చూస్తారు. నువ్వు లొంగకు. నాణెం చేతులు మారుతూ ఎంత దూరమైనా పోతుంది, కృష్ణా తీరంలో రోమన్ బంగారు నాణేలు దొరికినంత మాత్రాన రోమ్ మనల్ని ఏలినట్టు కాదు. ఎన్ని దొరికాయి, ఏ పొరలో, ఎంత విలువైనవి, అవన్నీ చూశాకే నోరు విప్పు. సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) లాంటి చిల్లర మామూలుగా ఎక్కువ దూరం పోదు కాబట్టి ఆ చోటు గురించి దాని సాక్ష్యానికి కొంచెం బలం ఎక్కువ, అంతే.

ఆన్‌లైన్‌లో పాత నాణేలు కొంటున్నావని మీ అమ్మ అంది. ఆపెయ్. వాటిలో పోత పోసిన నకిలీలు బోలెడు, అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన బుడగల గుంటలు, అన్నీ ఒకే బరువు ఉంటే అనుమానించు. నిజమైనవైతే ఇంకా బాధ, ఎక్కడో ఒక కుండని చెదరగొట్టి తెచ్చినవే కావొచ్చు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజెయ్యాలి. నువ్వు కొనే ప్రతి నాణెం ఇంకొకడి చేత ఇంకో గుంట తవ్విస్తుంది, అది నువ్వు చేసే పని కాదు బంగారం.

సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పక్కన ఏమీ తినకూడదు. నువ్వు గోళ్ళు కొరుకుతావు, అందుకే నాకు భయం. అవి కొయ్య అరల్లో పెట్టకు, కొయ్యలోంచి వచ్చే ఆవిరికి తెల్లటి పొడైపోతాయి.

అరిగిన నాణేలు పోసిన ఆ సంచి ఇంకా మ్యూజియం స్టోర్‌లోనే ఉందని నాకు తెలుసు. ఎవరూ జాబితా కట్టలేదు. మీ గైడ్ ఒప్పుకుంటే దానితో మొదలుపెట్టు, ఒక్కొక్కటీ తూచి, ఫోటో తీసి, కనిపించిన రెండు అక్షరాలైనా రాసుకో. ఒకే అచ్చు నుంచి వచ్చినవేవో పక్కపక్కన పెట్టి చూస్తే, పెట్టెలో ఉన్న "వాసిఠిపుతస" తర్వాతి మాట వాటిలో దొరికినా దొరకొచ్చు. అనుమతికి అర్జీ ఎలా పెట్టాలో నేను చెప్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి, మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో, వాడితోనూ మాట్లాడాలి.

మీ అత్త