మొహమాటం కాస్త పక్కన పెట్టు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్నాడికి పల్లీలు, గుడ్డు పడవని తేలిందని పాలు, గోధుమ, సోయా కూడా మానిపించేశావట. రిపోర్టులో వాటి పక్కన కూడా పాజిటివ్ అని ఉందన్నావు. సరే, మొన్నటిదాకా వాడు పాలు తాగాడా లేదా? తాగి హాయిగా ఆడుకున్నాడు కదా. చర్మం మీద గుచ్చి చేసే పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నాక ఒంట్లో ఏం జరిగిందన్నదే ముఖ్యం. పైగా, తింటున్నదాన్ని చాన్నాళ్లు ఆపితే ఒక్కోసారి నిజంగానే పడకుండా పోవచ్చు. ఇవాళే డాక్టర్ని అడుగు. ఆయనకి అనుమానం ఉంటే ఆస్పత్రిలోనే, తన కళ్ల ముందే కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. ఆ ప్రయోగం నువ్వు మాత్రం ఇంట్లో చేయకు.

పల్లీలు పెట్టే విషయంలో నువ్వేదో తప్పు చేశావని ఎవరో అన్నారట. ఆ మాట వదిలెయ్. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి మూడేళ్లు నిండేదాకా పల్లీలు పెట్టొద్దంది. 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడాది లోపే పల్లీలు మొదలుపెట్టి, మానకుండా పెడుతూ వచ్చిన పిల్లల్లో ఆ ఎలర్జీ చాలా తక్కువని తేలింది. డాక్టర్లే ఇన్నిసార్లు మాట మార్చుకుంటే నువ్వేం చేస్తావు? చంటిదాని విషయంలో మాత్రం ఇది గుర్తుపెట్టుకో. దానికి ఎగ్జిమా, అదే చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు, ఉందన్నావు కాబట్టి డాక్టర్‌తో మాట్లాడి, పల్లీలు త్వరగానే మొదలుపెట్టు. గింజలు కాదు సుమా, గొంతులో అడ్డుపడతాయి. మెత్తటి ముద్దని పలచగా కలిపి పెట్టాలి.

ఇక నా కథ చెప్తాను. మీ అన్నయ్యకి అప్పుడు నాలుగేళ్లు. ఎవరిదో పుట్టినరోజు. కేక్‌లో జీడిపప్పు ఉందా అని ఒకసారి అడిగాను. "ఉండదులెండి" అన్నారావిడ. ఆ 'ఉండదులెండి' నాకు నచ్చలేదు, కానీ మళ్లీ అడిగితే బాగుండదని ఊరుకున్నాను. రెండు ముక్కలు తిన్నాడో లేదో నా కొంగు లాగి, "అమ్మా, నాలుక మీద వెంట్రుకలున్నాయి" అన్నాడు. నోట్లో చూశాను, ఏమీ లేదు. చెవి గోక్కున్నాడు. గొంతు బొంగురుపోయింది. వాంతి చేసుకున్నాడు. దురదకిచ్చే సిరప్ పోసి, అది పనిచేస్తుందని ఇరవై నిమిషాలు కూర్చున్నాను, నలుగురిలో హడావుడి చేయడమెందుకని! అప్పటికి పిల్లాడు నా ఒళ్లో గుడ్డముక్కలా వాలిపోయాడు. ఆస్పత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే పెదాలకి మళ్లీ రంగొచ్చింది. నాకు ఆ రోజు జీడిపప్పు కంటే నా మొహమాటం మీదే ఎక్కువ కోపం వచ్చింది.

కాబట్టి విను. నోటి చుట్టూ నాలుగు దద్దుర్లొస్తే సిరప్ చాలు, కానీ పక్కనుండి చూస్తూ ఉండు. దద్దుర్లతో పాటు వాంతులో, దగ్గో, గొంతు మారడమో ఉంటే, నీ దగ్గరున్న ఆ పెన్నులాంటి అడ్రినలిన్ ఇంజెక్షనే ముందు. పిల్లికూతలు, ఊపిరి అందకపోవడం, సోలిపోవడం ఉంటే దద్దుర్లు లేకపోయినా సరే. ఆ సమయంలో సిరప్ వాడిని కాపాడదు. తొడ మధ్యలో, బయటివైపు, బట్టల మీద నుంచే ఇవ్వొచ్చు. ఇచ్చాక పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచు. ఊపిరాడకపోతే కూర్చోబెట్టు. కారు దాకా నడిపించకు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది ఇవ్వు, అందుకే ఎప్పుడూ రెండు ఉండాలి. తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే ప్రమాదముంది. ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పెట్టకు, ఎండలో ఉన్న కారులో వదలకు.

పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు 'పడదు' అనకు. మనకి ఆ మాటకి కడుపునొప్పి దగ్గర్నుంచి జలుబు దాకా అన్నీ అర్థాలే. "తింటే ఊపిరి ఆగిపోవచ్చు" అని చెప్పు. "కాస్త కాస్త పెడితే అదే అలవాటవుతుంది" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. అలవాటు చేసే వైద్యం ఉన్నమాట నిజమే, కానీ అది కొలతలతో డాక్టర్లు చేయించే పని. టీచర్‌కి ఇంజెక్షన్ చేతికిచ్చి, ఎలా వాడాలో నువ్వే చూపించు. బాగుపడతాడా అంటే, గుడ్డు ఎలర్జీ చాలామందికి పెద్దయ్యేకొద్దీ పోతుంది. పల్లీలది మాత్రం ఐదుగురిలో ఒకరికి పోతుందంతే.

ప్యాకెట్ మీద రాసింది ప్రతిసారీ చదువు, పోయినసారి కొన్నదే అయినా సరే. పల్లీలు తిన్న చేతుల్ని సబ్బుతో కడిగించు, శానిటైజర్‌తో ఆ జిడ్డు పోదు. వాడిని భయపెట్టకు. "అమ్మని అడిగి తింటా" అన్న ఒక్క మాట నేర్పు చాలు, మూడేళ్లవాడు చక్కగా అంటాడు.

ఎక్స్‌పైరీ అయిపోయిన ఇంజెక్షన్ ఒకటి ఉందన్నావుగా, పారేయకు. ఆదివారం వస్తున్నాను. ఒక నారింజ పండు తెచ్చిపెట్టు, దాని మీద ముందు నువ్వు గుచ్చి చూద్దువుగాని. మీ ఆయన్ని కూడా ఇంట్లో ఉండమను.

పెద్దమ్మ