బీరు బాగుండటం వేరు, నీకు నచ్చటం వేరు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కావలి నుంచి ఈ ఉత్తరం. బెంగళూరులో మీ ఆఫీసువాళ్లతో బ్రూవరీకి వెళ్లావు. అందరూ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) అద్భుతం అన్నారు, నీకేమో వేపాకు నమిలినట్టుంది. గోధుమ బీరు బాగుందంటే, అది కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తాగేదని నవ్వారు. "పెదనాన్నా, నాకు రుచి తెలియదా?" అని అడిగావు. ఆ మాట అడిగేటప్పుడు నీ గొంతు చిన్నబోయింది. అది నాకు నచ్చలేదు.

ఇరవై ఎనిమిదేళ్లు బీరు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసినవాడిగా చెబుతున్నా, నీకు రుచి బాగానే తెలుసు. ఒక బీరు బాగా తయారైందా అన్నది ఒక ప్రశ్న. అది నాకు నచ్చిందా అన్నది ఇంకో ప్రశ్న. మీవాళ్లు ఈ రెండూ కలిపేసి మాట్లాడుతున్నారు. మీ నాన్నని చూడు, దొరికితే మొలగొలుకుల బియ్యమే కావాలంటాడు. మీ అమ్మకి ఆ అన్నం సయించదు. కానీ బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, ఇవి పాతబియ్యమా కొత్తబియ్యమా, నూక ఎంత ఉందో చెప్పేది మీ అమ్మే. నచ్చని బియ్యాన్ని కూడా సరిగ్గా అంచనా కట్టగలదు. బీరు విషయంలో నువ్వు నేర్చుకోవాల్సింది ఆ పనే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఫ్యాక్టరీలో రోజూ పదకొండు గంటలకి నలుగురం కూర్చుని శాంపిళ్లు రుచి చూసేవాళ్లం. ఒకరోజు ఊరినుంచి తెచ్చుకున్న ఎర్రకారంతో కారం దోశ రెండు లాగించి వెళ్లి కూర్చున్నా. మొదటి గుక్కకే నాలుక మండింది. "చేదు బాగా ఎక్కువ, ఆపాలి" అని రాసిచ్చా. ల్యాబులో కొలిస్తే చేదు ముందురోజు బ్యాచ్‌తో సమానంగా ఉంది. మా పెద్ద బ్రూవర్ ఏమీ అనకుండా నా చెయ్యి వాసన చూశాడు. మర్నాడు అదే ట్యాంకు బీరు ఇచ్చాడు. నాకే తప్పూ కనపడలేదు. నాలుక మీద మిగిలిన కారం మంటనే నేను బీరు చేదనుకున్నాను. కాబట్టి పోల్చి చూడాలనుకున్న రోజు కారం, కాఫీ, వక్కపొడి, సిగరెట్టు ఏవీ వద్దు. ఒళ్లంతా సెంటు కొట్టుకుని వెళ్లకు. మధ్యమధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు ముక్క చాలు. మిర్చి బజ్జీ పక్కన పెట్టుకుని ఐపీఏని తిడితే ఆ తప్పు ఐపీఏది కాదు.

గ్లాసు దగ్గర చాలామంది శ్రద్ధ పెట్టరు. సబ్బు జిడ్డు ఏమాత్రం మిగిలినా నురగ నిలవదు, బుడగలు గోడకి అక్కడక్కడ అంటుకుని కనపడతాయి. శుభ్రమైన గ్లాసులో తాగేకొద్దీ నురగ గోడమీద వలయాలు వలయాలుగా మిగులుతుంది. గ్లాసు ఫ్రీజర్లో పెట్టి మంచు పట్టించి ఇస్తే వద్దను. చల్లదనానికి నాలుక మొద్దుబారిపోయి మంచి బీరూ చెడ్డ బీరూ ఒక్కలాగే ఉంటాయి. లేత రంగు లాగర్‌కి, అంటే షాపుల్లో మామూలుగా దొరికే బీరుకి, 4 నుంచి 7 డిగ్రీలు సరిపోతుంది. నల్లటి స్టౌట్ 10, 12 డిగ్రీల దగ్గరైతేనే కాఫీ వాసన, మాడిన గింజల వాసన విప్పుకుంటుంది. తేలికవాటితో మొదలుపెట్టి చేదువాటికి, నల్లవాటికి పో. ఐపీఏ ముందు తాగి గోధుమ బీరు తర్వాత తాగితే అది నీళ్లలాగే ఉంటుంది. మీవాళ్లు చేసింది అదేనేమో కనుక్కో.

ముందు వాసన చూడు, తర్వాతే గుక్క. దేన్ని తప్పు అనాలి అన్నది బీరు రకాన్ని బట్టి మారుతుంది, అసలు విద్యంతా ఇక్కడే ఉంది. నీకు నచ్చిన జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ రకానికి వాడే ఈస్ట్, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి, పుట్టించే వాసన అది. అందులో ఉంటేనే అందం. అదే వాసన లాగర్లో కొడితే ఎక్కడో పొరపాటు జరిగినట్టు. గోధుమ బీరు మబ్బుగా ఉండాలి, లాగర్లలో ఒక రకమైన పిల్స్‌నర్ తేటగా ఉండాలి. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే ఈస్ట్ పని పూర్తికాకముందే బీరు తీసేశారని అనుమానించు. ఉడికించిన మొక్కజొన్న వాసన లాగర్లో గట్టిగా వస్తే మరగబెట్టడం సరిగా సాగలేదు. తడిసిన అట్టపెట్టె వాసనైతే గాలి తగిలింది, లేదా పాతబడింది. ఎండ తగిలితే, బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల్లోని చేదు పదార్థం విరిగి పాడైన తెల్లగడ్డ లాంటి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు. మన ఎండల్లో షాపు ముందు పేర్చిన కేసుల్లోంచి బీరు ఎప్పుడూ కొనకు.

ఇక ఐపీఏ సంగతి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి ఓడల్లో వచ్చిన బీరు పేరది, అందుకే పేరులో ఇండియా ఉంది. హాప్స్ ఎక్కువ వేస్తే బీరు తొందరగా పాడవదు. ఈనాటి అమెరికన్ తరహా ఐపీఏ, చేదుని కొలిచే ఐబీయూ లెక్కలో 40 నుంచి 70 దాకా ఉంటుంది. గోధుమ బీరు 8 నుంచి 15. ఇంత తేడా ఉన్న రెండింటిలో ఏది గొప్ప అని వాదించడం కాకరకాయ వేపుడునీ పాయసాన్నీ పోల్చడంలాంటిది. ఈ ఐపీఏ బాగుందా, ఆ ఐపీఏ బాగుందా అని అడుగు. నువ్వు తాగింది తాజాగా తీసిందేనా? హాప్స్ వాసన వారాల్లో తగ్గిపోతుంది, మొండి చేదు మిగులుతుంది. తాజాది ఒకసారి చూడు. అప్పటికీ నచ్చకపోతే "బాగా చేశారు, నాకొద్దు" అని చెప్పు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

నిజంగా తేడా పట్టగలవో లేదో తెలియాలంటే మా ల్యాబు పద్ధతి ఒకటుంది. ఒకరిని లోపల కూర్చోబెట్టి మూడు గ్లాసులు పోయించు. రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. స్టీలు గ్లాసులైతే మేలు, రంగు తెలియదు. గ్లాసు అడుగున స్కెచ్‌పెన్నుతో గుర్తు పెట్టమను. వేరేది ఏదో నువ్వు పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఐదారుసార్లు చెయ్యి, ప్రతిసారీ ఒక చెంచాడు చాలు. పేరూ ధరా కనపడకపోతే మీ ఆఫీసులో పెద్దగా మాట్లాడేవాళ్లలో ఎంతమంది మిగులుతారో నువ్వే చూస్తావు.

కల్లు గురించి కూడా అడిగావు. తుమ్మలపెంట వైపు మా చిన్నప్పుడు పొద్దున్నే తాటాకు దొప్పలో పోసేవాళ్లు. తెల్లవారి తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లగా తిరిగేది. కుండలో సున్నం పూస్తే పులవదు. ఈస్ట్ ఎవరూ వేయరు, ఆ కుండలోనూ గాలిలోనూ ఉండేదే పనిచేస్తుంది. పులుపంటే ఏమిటో నేను ముందు నేర్చుకున్నది అక్కడే.

ఇప్పుడు అసలు మాట చెప్పాలి. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాయి కొట్టు మూయించారు. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుతూ మొదలైన మాట ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం దాకా వెళ్లింది. మీ నాయనమ్మ పుట్టిల్లు కలిగిరి పక్కన. వాళ్ల ఊళ్లో కొట్టు ముందు కూర్చున్నవాళ్లలో ఆవిడా ఉంది. ఆ ఏడాది నేను సెలవుకొచ్చి, కంపెనీ ఇచ్చిన గాజు మగ్గులు సంచిలోంచి తీశాను. ఆవిడ వాటిని ముట్టలేదు. తలుపు పక్కన నిలబడి, "రుచి చూడటం వేరు, తాగడం వేరు అంటావు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పు" అంది. మేం 50 మిల్లీలీటర్లు కొలిచి తీసుకుంటామని చెప్పాను. "సరే, ఆ కొలత దాటిన రోజు నీకు ఎవరు చెబుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి డ్యూటీలో అయినా బయట అయినా ఎంత పోసుకున్నానో ప్రతిసారీ రాసుకున్నాను.

నువ్వూ రాసుకో. ఒక సాయంత్రానికి నాలుగు రకాలు, ఒక్కోటి 100 మిల్లీలీటర్లు. అయిదున్నర శాతం ఆల్కహాలు లెక్కన అన్నీ కలిపినా ఒక లార్జ్ పెగ్గు (60 మిల్లీలీటర్ల విస్కీ) కంటే తక్కువే. అదే 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే రెండు లార్జ్ పెగ్గులతో సమానం. బీరే కదా అనుకునేవాళ్లకి ఈ లెక్క తెలియదు. ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, నేను ఆ మాటే నమ్ముతాను. వద్దన్న స్నేహితుణ్ణి బలవంతం చేయకు. బండి తాళం ముందే ఇంట్లో పెట్టి బయలుదేరు.

నోట్‌బుక్కులో ఒక పక్క "ఎలా చేశారు" అని, ఇంకో పక్క "నాకెలా ఉంది" అని రెండు గళ్లు గీసుకో. పక్కన తేదీ, వాతావరణం, ఏం తిన్నావో కూడా రాయి. రోహిణీకార్తెలో నెల్లూరులో నాకు స్టౌట్ అసలు దిగదు, డిసెంబరు చలిలో అదే హాయిగా ఉంటుంది. రాసుకోకపోతే ఇలాంటివి గుర్తుండవు.

నావి ఏడు నోట్‌బుక్కులు బీరువా పై అరలో ఉన్నాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసిస్తాను. మూడోదాంట్లో, నేను మొట్టమొదట ఐపీఏ రుచి చూసిన పేజీ మడిచిపెట్టి ఉంచాను. ఎడమ గడిలో అరపేజీ మెచ్చుకోలు ఉంది. కుడి గడిలో ఒకే ముక్క ఉంది, "వేప".

ఇట్లు,
మీ పెదనాన్న