ఆ డబ్బుకి తేదీ ఉందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మార్కెట్ గురించే. పడిందని భయపడి రాసినవాళ్లు కొందరు. పడినప్పుడు అమ్మేసి, ఇప్పుడు పెరుగుతుంటే ఏం చేయాలో తోచక రాసినవాళ్లు ఇంకొందరు. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. ఇంట్లోవాళ్లు చదువుతారు, పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు. అందుకే ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, ఆరేళ్లుగా నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేస్తున్నాను. పెరుగుతున్నంత కాలం మంచి పని చేశాననుకున్నాను. ఈ మధ్య పడడంతో వచ్చిన లాభంలో సగం పోయింది. రోజుకి ఎన్నిసార్లు యాప్ తెరుస్తున్నానో నాకే లెక్క లేదు. రాత్రి మెలకువ వచ్చినా ఫోన్ తీస్తున్నాను. మా వారేమో "నేను ముందే చెప్పాను" అంటున్నారు. వచ్చే ఏడాది అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. మొత్తం తీసేసి, అంతా సద్దుమణిగాక మళ్లీ పెడదామనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?

ముందు మీ వారి సంగతి చూద్దాం. ఏ రోజు పడుతుందో కూడా ఆయన ముందే చెప్పారేమో అడగండి. ఏదో ఒక రోజు పడుతుందని ఎవరైనా చెప్పొచ్చు, అది ఎప్పుడూ నిజమే అవుతుంది.

ఇక మీ ఫోన్. మ్యూచువల్ ఫండ్ యూనిట్ విలువని రోజుకి ఒక్కసారే లెక్కగడతారు. అర్ధరాత్రి తెరిచినా, తెల్లవారుజామున తెరిచినా అదే అంకె ఉంటుంది. అంకె మారదు, మీ గుండె మాత్రం ప్రతిసారీ కొత్తగా జారుతుంది. డేనియల్ కానెమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో మనసు లాభనష్టాలను ఎలా తూచుతుందో రాశారు. వాళ్ల తర్వాతి కొలతల ప్రకారం, వంద పోయిన బాధ వంద వచ్చిన సంతోషం కన్నా దాదాపు రెండింతలు ఉంటుంది. ఇప్పుడు దీనికి ఇంకో విషయం కలపండి. రోజూ చూసేవాళ్లకి ఇంచుమించు సగం రోజులు ఎరుపే, అంటే నష్టమే, కనిపిస్తుంది. అదే అమెరికా షేర్ మార్కెట్ సూచీని ఏడాదికోసారి చూసుంటే, గత చరిత్రలో దాదాపు నాలుగింట మూడు సంవత్సరాలు పచ్చగానే ఉండేవి. పెట్టుబడి ఒకటే. ఎన్నిసార్లు చూశారన్న దాన్ని బట్టి ఒకరికి అది నరకం, ఇంకొకరికి మామూలు విషయం.

మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, మీరు గమనించినట్టు లేదు. "లాభంలో సగం పోయింది" అన్నారు. అంటే మీ అసలు అలాగే ఉంది, దాని మీద సగం లాభమూ ఉంది. మనసు మాత్రం మీరు పెట్టిన దగ్గర్నుంచి కొలవడం మానేసి, అన్నిటికన్నా ఎత్తున ఉన్న రోజు నుంచి కొలుస్తోంది. ఆ రోజున మీరు అమ్మలేదు కదా. ఆ అంకె ఎప్పుడూ మీ చేతికి రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. "తీసేసి, సద్దుమణిగాక పెడతాను" అనేది వినడానికి ఒక నిర్ణయంలా ఉంటుంది కానీ అందులో రెండున్నాయి. తీయడం మొదటిది, అది తేలిక. మళ్లీ పెట్టడం రెండోది. ఆ రెండోదాంట్లో నేను ఎలా ఓడిపోయానో చెబుతాను.

2008 సెప్టెంబర్‌లో అమెరికాలోని పెద్ద పెట్టుబడుల బ్యాంకు లీమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. రోజంతా వేరేవాళ్ల లెక్కలు సరిచూసే పని. అంకెలకి భయపడే మనిషిని కానని గట్టి నమ్మకం. ఆరు నెలలు ఓర్చుకున్నాను. 2009 మార్చి మొదటి వారంలో ఇక నావల్ల కాక మొత్తం అమ్మేశాను. అమెరికాలోని ఐదువందల పెద్ద కంపెనీల షేర్లతో లెక్కగట్టే ఎస్ అండ్ పీ 500 సూచీ ఆ పతనంలో అడుగు తాకింది మార్చి 9న, 2007 అక్టోబర్ శిఖరం నుంచి దాదాపు 57 శాతం కింద. నేను అమ్మింది దానికి నాలుగు రోజుల ముందు.

అమ్మిన రాత్రి ఎంత బాగా నిద్రపట్టిందో చెప్పలేను. పడినప్పుడు అమ్మొద్దని సలహాలు ఇచ్చేవాళ్లు ఆ నిద్ర గురించి చెప్పరు. చాలా మంచి నిద్ర అది. మేలో మార్కెట్ పెరిగితే "ఇది ఉత్తుత్తి పెరుగుదల" అనుకున్నాను. ఆగస్టులో ఇంకా పెరిగితే "కాస్త తగ్గనీ, అప్పుడు కొందాం" అనుకున్నాను. తగ్గినప్పుడేమో "చూశావా, మళ్లీ పడుతోంది" అనుకున్నాను. చివరికి 2010 డిసెంబర్‌లో, అమ్మిన ధర కన్నా చాలా ఎక్కువకి కొన్నాను. అమ్మిన తేదీ, కొన్న తేదీ నా నోటుబుక్కులో ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. ఆ పేజీ చించాలనిపిస్తుంది కానీ చించలేదు.

మీకు గుర్తుండే ఉదాహరణే చెబుతాను. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సుంకాలు ప్రకటించాక, 3, 4 తేదీల్లో రెండే రోజుల్లో ఎస్ అండ్ పీ 500 పది శాతానికి పైగా పడింది. 9న చాలా దేశాల మీద వేసిన సుంకాల్ని 90 రోజులు వాయిదా వేస్తున్నామనగానే, ఆ ఒక్కరోజే 9.5 శాతం పెరిగింది. ఇక సద్దుమణిగింది, వచ్చి పెట్టుకోండని 8న ఎవరూ చాటింపు వేయలేదు. సద్దుమణిగిందని మనకు తెలిసేది ధర పెరిగిపోయాకే. ఘోరంగా పడే రోజులూ, ఒక్కసారిగా లేచే రోజులూ తరచు ఒకే వారంలో ఉంటాయి. మొదటివి తప్పించుకుని రెండోవాటికి మాత్రం హాజరవడం నాకు చేతకాలేదు. చేతనైనవాళ్లని నేను చూడనూ లేదు.

మరి ఏం చేయాలి? ఉత్తరం రాసిన ప్రతివాళ్లనీ నేను అడిగేది ఒక్కటే. ఆ డబ్బుకి తేదీ ఉందా? అమ్మాయి ఫీజుకి ఉంది, వచ్చే ఏడాదే. ఆ మొత్తం వరకు ఇప్పుడే తీసేసి డిపాజిట్‌లో వేయండి. మార్కెట్ పడిందని కాదు, రేపు పెరిగినా తీయాల్సిందే. ఏడాదిలో కట్టాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదు, నిజానికి పోయినేడే తీసి ఉండాల్సింది. మీ నిద్ర పాడవడానికి సగం కారణం అదేనని నా అనుమానం. మిగతా డబ్బుకి పదేళ్ల దాకా తేదీ లేకపోతే దాన్ని కదపకండి, నెలనెలా వేసేదీ ఆపకండి. లెక్క చూడండి. యూనిట్ పది ఉన్నప్పుడు వంద పెడితే పది యూనిట్లు వస్తాయి. ఐదుకి పడినప్పుడు వంద పెడితే ఇరవై. మళ్లీ పదికి వచ్చాక వంద పెడితే ఇంకో పది. మీరు పెట్టింది మూడు వందలు, చేతిలో ఉన్నవి నలభై యూనిట్లు, విలువ నాలుగు వందలు. ధర మొదలైన చోటికే వచ్చింది, మీరు మాత్రం ముందుకెళ్లారు. మధ్యలో ధర ఐదుకి పడిన రోజుల్లో ఆపేసినవాళ్లకి ఈ లెక్క వర్తించదు.

ధర మళ్లీ పదికి రాకపోతే? ఆ భయం ఇంకో పాఠకుడికి వచ్చింది, కింద చూడండి.

ప్రశ్న: వచ్చే వారం మార్కెట్ పెరుగుతుందా? టీవీలో ఒకాయన ఖాయంగా పెరుగుతుందన్నాడు, ఇంకొకాయన ఖాయంగా పడుతుందన్నాడు.

ఇద్దరిలో ఒకరు సరిగ్గా చెప్పారు. ఎవరో నాకు తెలియదు. వచ్చే వారం ఆ ఒక్కరినే మళ్లీ పిలుస్తారు, అది మాత్రం చెప్పగలను.

ప్రశ్న: నేను రిటైరై రెండేళ్లయింది. వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం షేర్లలో, ఫండ్లలో ఉంది. నెల ఖర్చులకి అందులోంచే తీసుకుంటున్నాను. పడినప్పుడల్లా పిల్లలు "ఎప్పటికైనా కోలుకుంటుంది, ఓపిక పట్టండి నాన్నా" అంటున్నారు. నిజంగా ఎప్పుడూ కోలుకుంటుందా?

ఇంతవరకు చాలా దేశాల్లో కోలుకుంది. ఎంతకాలానికి అన్నదే మీ ప్రశ్నలో అసలు ముడి. పిల్లలు 2020ని చూసి మాట్లాడుతున్నట్టున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 దాకా ఎస్ అండ్ పీ 500 దాదాపు 34 శాతం పడి, ఆగస్టుకల్లా పాత శిఖరం దాటేసింది. అంత త్వరగా లేవడం మామూలు విషయం కాదు. అమెరికాలో డౌ జోన్స్ అనే ఇంకో సూచీ 1929 శిఖరం నుంచి 1932 జూలైకి 89 శాతం పడింది. ఆ అంకె మళ్లీ కనిపించింది 1954 నవంబర్‌లో. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబర్ చివర్లో ఎక్కిన ఎత్తుని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు. మధ్యలో 34 ఏళ్లు గడిచాయి. కంపెనీలు లాభంలోంచి పంచే డివిడెండ్లు కలుపుకుంటే, మధ్యలో కొంటూ వెళ్తే అంత ఘోరంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ శిఖరం మీద మొత్తం ఒకేసారి పెట్టి, అందులోంచే తిని బతకాల్సిన మనిషికి ఆ మాట ఊరటనివ్వదు.

మీ పరిస్థితికీ పిల్లల పరిస్థితికీ తేడా అక్కడే ఉంది. వాళ్లు సంపాదిస్తున్నారు, పడితే చవగ్గా కొంటారు. మీరు ప్రతి నెలా అమ్ముతున్నారు, పడితే అదే ఖర్చుకి ఎక్కువ యూనిట్లు అమ్మాలి. అమ్మేసిన యూనిట్లు, మార్కెట్ లేచినా మీతో లేవవు. పైగా లెక్క కూడా మనకు అనుకూలంగా ఉండదు. 20 శాతం పడినది పూడాలంటే 25 శాతం పెరగాలి. సగానికి పడితే రెట్టింపు కావాలి. మధ్యలో మీరు తీసుకుంటూ ఉంటే అంతకన్నా ఎక్కువే కావాలి.

మీ డబ్బుకి తేదీలు రాయండి. నెల ఖర్చుకి ప్రతి నెలా మొదటి తేదీ వస్తూనే ఉంటుంది. నేనైతే పెన్షన్, అద్దె లాంటివి పోను మూడేళ్ల ఖర్చు షేర్లకి బయట ఉంచుతాను. ఆరోగ్యం సరిగా లేకపోతే ఇంకో రెండేళ్లది. పడినప్పుడు అందులోంచి తీసుకోవాలి, పెరిగిన ఏడాది షేర్లు కొన్ని అమ్మి దాన్ని నింపాలి. ఇప్పుడు పడి ఉందంటున్నారు కాబట్టి మొత్తం ఒక్కరోజే మార్చకుండా, ఏడాది ఖర్చుతో మొదలుపెట్టి విడతలుగా మార్చుకోండి. మీ సొమ్ము ఎంతో, ఖర్చు ఎంతో ఉత్తరంలో లేదు. కమీషన్ మీద బతకని సలహాదారు ఒకరికి కాగితాలు చూపించి, తర్వాతే అడుగు వేయండి. పిల్లల మీద కోపం తెచ్చుకోకండి, వాళ్ల వయసుకి అది సరైన సలహానే.

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. 2020లో కాలేజీలో ఉండడం వల్ల కొనలేకపోయాను. ఈసారి పడినప్పుడు వదలకూడదని పర్సనల్ లోన్ తీసుకుని, బ్రోకర్ ఇచ్చే మార్జిన్ కూడా వాడి కొందామనుకుంటున్నాను. ఏమంటారు?

వద్దు తమ్ముడూ.

కారణం నీకూ తెలుసు, కానీ నేను చెప్తే వినాలని రాసినట్టున్నావు. అప్పుకి తేదీ ఉంటుంది, మార్కెట్‌కి ఉండదు. నువ్వు అనుకున్నట్టే మూడేళ్లలో రెట్టింపు కావచ్చు. కానీ వచ్చే నెల ఇంకో పది శాతం పడితే వాయిదా ఆగుతుందా? మార్జిన్, అంటే షేర్లు హామీగా పెట్టుకుని బ్రోకర్ ఇచ్చే అప్పు, ఇంకా ప్రమాదం. హామీగా ఉన్న విలువ తగ్గితే బ్రోకర్ ఇంకా డబ్బు వేయమంటాడు. వేయలేకపోతే నీ షేర్లు అమ్మేస్తాడు, అదీ ధర బాగా పడి ఉన్న రోజునే. 1929కి ముందు అమెరికాలో పదో వంతు చేతిడబ్బు, మిగతా అంతా అప్పు, అలా కొన్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలా కొన్నది పది శాతం పడితే సొంత డబ్బు మొత్తం పోయినట్టే. తర్వాత సూచీ లేచిందా లేదా అన్నది వాళ్లకి అనవసరం, వాళ్లు అప్పటికే ఆటలో లేరు.

జీతంలో మిగిలినదాంతో కొను. తక్కువే అవుతుంది, తెలుసు. 2020 పోయిందని బాధపడుతున్నావు గానీ, 26 ఏళ్లవాడికి పతనాలు కరువవుతాయా!

ప్రశ్న: ఒక షేరు కొని నాలుగేళ్లయింది. సగానికి పైగా పడింది. కంపెనీ సంగతి అంత బాగాలేదని తెలుసు. కొన్న ధరకి రాగానే అమ్మేసి బయటపడదామని చూస్తున్నాను. ఈలోగా లాభంలో ఉన్న రెండు షేర్లు అమ్మేశాను. తప్పు చేశానా?

మీరు ఒక్కరే కాదు. లాభంలో ఉన్నదాన్ని త్వరగా అమ్మి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని వేలాడే ఈ అలవాటుకి హెర్ష్ షెఫ్రిన్, మైర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1985లోనే ఒక పేరు పెట్టారు. అమ్మనంత కాలం అది కాగితం మీది నష్టమే, అమ్మితే మన తప్పు ఒప్పుకున్నట్టు. అందుకే చెయ్యి రాదు.

మీరు ఎంతకి కొన్నారో ఆ షేరుకి తెలియదు. అందుకని ప్రశ్న మార్చి అడుక్కోండి. ఇవాళ మీ దగ్గర ఆ షేరు లేదు, దాని విలువంత డబ్బు ఉంది, అప్పుడు వెళ్లి ఆ కంపెనీనే కొంటారా? కొననంటే అమ్మేయండి. మీ దేశంలో పన్ను నియమాలు ఒప్పుకుంటే ఆ నష్టాన్ని, అమ్మిన రెండిటి మీద వచ్చిన లాభంతో సర్దుకోవచ్చు. ఆ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. నా దగ్గరా అలాంటి షేరు ఒకటుంది. 2011లో ఒక బంధువు మాట విని కొన్నాను. కొన్న ధరలో మూడో వంతు దగ్గర ఏళ్లుగా అలాగే పడి ఉంది. మీకు జవాబు రాస్తూ మధ్యలో లేచి వెళ్లి దాన్ని చూసొచ్చాను. అమ్మలేదు. వచ్చే నెలకి అమ్మితే ఇక్కడే రాస్తాను.