పది సంతకాల్లో ఒక్కటి చెల్లకపోతే?

ప్రశ్న: మా బావమరిది వరంగల్ పశ్చిమ నుంచి అసెంబ్లీకి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేస్తానంటున్నాడు. ప్రతిపాదించే పదిమందిలో ఇద్దరు నిశానీలు (సంతకం రాక వేలిముద్ర వేసేవాళ్లు). అధికారులు సంతకాలను దేంతో పోల్చి చూస్తారండీ?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మామూలుగా దేంతోనూ పోల్చరు. ముందు చూసేది ఓటరు జాబితానే. ఫారం 2-బి, అంటే నామినేషన్ పత్రం, రెండో భాగంలో ఓటరు జాబితాలోని ఒక్కొక్కరి పార్టు (భాగం) నంబరు, వరుస సంఖ్య రాయాలి. ఓటరు కార్డు నంబరు వేస్తే సరిపోదు. పోయిన ఎన్నికల స్లిప్పు చూసి అసలే రాయకండి, పోలింగ్ కేంద్రాలు మారినప్పుడు ఈ నంబర్లూ మారతాయి. తాజా జాబితా, దాని అనుబంధాలు దగ్గర పెట్టుకొని రాయండి. చిన్న రాతతప్పులుంటే దాఖలు చేసేటప్పుడే దిద్దించుకోవచ్చు.

మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. కార్పొరేషన్ ఒకటే అయినా నియోజకవర్గాలు వేరు. కాజీపేట, హనుమకొండ రెండూ వరంగల్ పశ్చిమలోకి వస్తాయి, వరంగల్ చౌరస్తా, శివనగర్ వైపు వరంగల్ తూర్పు. శివనగర్‌లో ఓటున్న చుట్టం ఎంత దగ్గరివాడైనా మీకు పనికిరాడు. పదిలో ఒక్కరు తగ్గినా ఆ పత్రం పోయినట్టే.

నిశానీల సంగతి: వేలిముద్ర ఇంట్లో వేయించి తెస్తే చెల్లదు. రిటర్నింగ్ అధికారి ముందో, ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ముందో వేయాలి. మనిషి ఫలానా అని నమ్మకం కుదిరాక ఆయన ధ్రువీకరించాలి. ఆఖరి రోజు మూడు గంటలకు గడువు ముగుస్తుంది, వాళ్లను ముందే తీసుకెళ్లండి. సంతకం వచ్చిన మరో ఇద్దరు దొరికితే ఇంకా మేలు.

నామినేషన్ల పరిశీలన రోజు ఎవరైనా ‘ఆ సంతకం నాది కాదు’ అంటేనే అసలు చిక్కు. అప్పుడు అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. బదులు చెప్పుకోవడానికి అభ్యర్థి గడువు అడగవచ్చు, అదీ ఎల్లుండి దాటకుండానే. భర్త ఊళ్లో లేడని భార్య పెట్టిన సంతకాలు ఇక్కడే బయటపడతాయి.

ఒక అభ్యర్థి నాలుగు పత్రాల దాకా వేయవచ్చు, డిపాజిట్ ఒక్కసారే కట్టాలి. నాలుగింటిలోనూ అదే పదిమందిని పెడితే ఒక్క తప్పుకే నాలుగూ పోతాయి. సెట్టు సెట్టుకూ మనుషుల్ని మార్చండి.

ప్రశ్న: బీ ఫారం (పార్టీ తన అభ్యర్థి ఫలానా అని ఇచ్చే పత్రం) వస్తుందన్న ఆశతో ఒక్కరి సంతకంతోనే వేయవచ్చా?
– ఇంకో పాఠకుడు, పరకాల

జవాబు: వేయవచ్చు, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. కానీ ఆ పార్టీ ఏ, బీ ఫారాలు సిరా సంతకాలతో చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందకపోతే ఆ ఒక్క సంతకం చాలదు. ఎందుకైనా మంచిది, పదిమందితో ఇంకో సెట్టు కూడా వేసి పెట్టండి.