హీరో పేరు చూసి జనం ఇంకా థియేటర్‌కి వస్తున్నారా?

పెద్ద హీరో పేరుంటే చాలు, జనం థియేటర్‌కి వచ్చే రోజులు పోయాయా అని అడిగారు. పోలేదు. కానీ ఆ పేరు పనిచేసే సమయం బాగా తగ్గిపోయింది. ఒకప్పుడు పేరు మీద సినిమా వారం ఆడేది. ఇప్పుడు శుక్రవారం మ్యాట్నీ దాకా ఆడుతుంది, అక్కణ్ణుంచి టాక్‌దే రాజ్యం.

మా మేనమామ పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఊళ్లో సింగిల్ స్క్రీన్ థియేటర్ లీజుకి తీసుకుని నడుపుతారు. కాలేజీ రోజుల నుంచి సెలవులొస్తే నేను అక్కడే ఉండేవాణ్ణి. బుకింగ్ కౌంటర్‌లో కూర్చోవడం, రాత్రి సెకండ్ షో మొదలయ్యాక డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క, రాయడం నా పని. ఇప్పటికీ పండగ రిలీజులకి వెళ్తాను. నేను చెప్పేదంతా ఆ కౌంటర్ లోపలి నుంచి చూసిందే.

మొదటి రోజు పేరు చేసే పని ఇంకేదీ చేయలేదు. తెల్లవారుజాము షోకి ఒక్కో కుర్రాడు పాతిక ముప్పై టికెట్లు తీసుకెళ్తాడు. ట్రైలర్ బాగుందా, దర్శకుడెవరు అని ఎవరూ అడగరు. 2023 జూన్ 16న 'ఆదిపురుష్' వచ్చినప్పుడు మొదటి రోజే ప్రపంచవ్యాప్తంగా 140 కోట్ల గ్రాస్ వచ్చిందని నిర్మాతలు ప్రకటించారు. అది ప్రభాస్ పేరుకి, రాముడి పేరుకి వచ్చిన డబ్బు. సోమవారానికి అదే సినిమా దారుణంగా పడిపోయింది. వారాంతంలో వచ్చిన జనం నిజం, సోమవారం రాని జనమూ నిజం. రెండూ కలిపి చూస్తేనే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ఎందుకిలా అయిందంటే, ముందు సినిమా ఊళ్లోకి వచ్చే పద్ధతే మారింది. ఒకప్పుడు ప్రింట్లు తక్కువ. కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడి, కొన్ని వారాలకి బీ, సీ సెంటర్లకి, అంటే చిన్న పట్టణాలకి, పల్లెలకి వచ్చేది. పోస్టర్ చూసి ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ మా ఊళ్లోనూ ఒకేరోజు పడుతుంది, అమెరికాలో ప్రీమియర్ చూసినవాళ్ల మాట మనకి తెల్లవారకముందే వాట్సాప్‌లో ఉంటుంది. బాగోలేదంటే 'నాలుగు వారాలాగితే ఓటీటీలో వస్తుందిలే' అని ఇంట్లోనే ఉండిపోతారు. అభిమాని ఆగడు. మిగతావాళ్లందరూ ఆగుతారు.

ఆ మిగతావాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. థియేటర్ బతికేది వాళ్లవల్లే. మా దగ్గర క్యాంటీన్ నడిపే ఆయన మ్యాట్నీకి ఎవరొస్తున్నారో చూసి ఎన్ని సమోసాలు వేయించాలో చెప్పేస్తాడు. కుర్రాళ్లు వస్తే హాలంతా గోల, కానీ అమ్మకం కూల్‌డ్రింకుల దగ్గరే ఆగిపోతుంది. పిల్లలతో ఆడవాళ్లు వస్తే ఇంటర్వెల్లో ట్రేలు ఖాళీ అవుతాయి. అలాంటి ఇళ్ల నుంచి థియేటర్‌కి ఫోన్లొస్తాయి. వాళ్లు హీరో ఎవరని అడగరు, అది ముందే తెలుసు. 'పిల్లల్ని తీసుకురావచ్చా, కొట్టుకోవడం ఎక్కువగా ఉందా, టికెట్ రేటు తగ్గిందా' అని అడుగుతారు. ఈ మూడో ప్రశ్న కొన్నేళ్లుగా బాగా ఎక్కువైంది.

2024 సంక్రాంతినే చూడండి. జనవరి 12న రెండు సినిమాలొచ్చాయి. మహేశ్ బాబు 'గుంటూరు కారం', తేజ సజ్జా 'హనుమాన్'. మొదటిదానికి రెండు రాష్ట్రాల్లోనూ టికెట్ పెంపుకి అనుమతి వచ్చింది. రెండోది మామూలు రేటుకే వచ్చింది, దానికి మొదట్లో థియేటర్లు దొరకడమే కష్టమైంది. ఓపెనింగ్ మహేశ్‌దే, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ పండగ దాటేసరికి ఇళ్లల్లో మాట హనుమాన్ గురించే, స్క్రీన్లు కూడా అటే పెరిగాయి. కథా, దేవుడూ, పిల్లలకి నచ్చే హంగులూ అన్నీ కలిసొచ్చాయి, నిజమే. అయినా నలుగురున్న ఇంటికి మామూలు రేటు ఎంత ధైర్యమిస్తుందో కౌంటర్‌లో కూర్చుంటే తెలుస్తుంది. రేటు పెంచిన వారంలో టికెట్లూ క్యాంటీనూ కలిపి వెయ్యి దాటుతుంది. ఆ డబ్బు పెట్టేముందు ఎవరైనా పదిమందిని అడిగే వస్తారు కదా.

మరి 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' అంత ఎలా ఆడింది? వెంకటేశ్ కొత్త హీరో కాదు, ఆంధ్రలో దానికీ రేటు పెంచారు. అయినా 300 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. నా లెక్క ఇది: వెంకటేశ్ పేరు చెప్తే ఇంట్లో అందరికీ ఒకే రకం సినిమా గుర్తొస్తుంది. భార్యాభర్తల గొడవలు, నవ్వులు. అందులో ఈ సినిమా మాట తప్పలేదు. రమణ గోగుల చాలా కాలం తర్వాత పాడిన పాట ముందే ఊరంతా మోగిపోయింది. పేరు ఏం హామీ ఇస్తుందో సినిమా అదే ఇస్తే, పాత పేరైనా కొత్త పేరైనా ఆడవాళ్లు కదులుతారు.

ఇంకోటి, పేరంటే హీరో పేరే కానక్కర్లేదు. 2012లో 'ఈగ' వచ్చింది. నాని పాత్ర మొదట్లోనే చచ్చిపోతుంది, ఆపై కథానాయకుడు ఈగే. జనం రాజమౌళి పేరు చూసి వచ్చారు. అదే నాని 2025 మార్చిలో 'కోర్ట్' సమర్పించినప్పుడు, ఇది నచ్చకపోతే నా తర్వాతి సినిమా 'హిట్ 3' చూడొద్దని వేదిక మీద చెప్పాడు. తెర మీద ఆయన లేడు. ముఖ్యపాత్రల్లో ప్రియదర్శి, ఒక కుర్రాడు, ఒక అమ్మాయి. ఆ మాటకి విలువిచ్చి వచ్చినవాళ్లని నేను చూశాను. హీరో పేరుని ఇంత చక్కగా వాడుకోవడం ఈ మధ్య ఇంకెక్కడా చూడలేదు. 2022 అక్టోబరులో తెలుగులో వచ్చిన 'కాంతార'కైతే మా ఊళ్లో రిషబ్ శెట్టి ఎవరో చాలామందికి తెలియదు, అయినా హాలు నిండింది.

రీ రిలీజుల సంగతి వేరు. 2022 ఆగస్టు 9న మహేశ్ పుట్టినరోజుకి 'పోకిరి' వేసినప్పుడు డైలాగులన్నీ కంఠతా వచ్చినవాళ్లే టికెట్లు కొన్నారు. అది అచ్చంగా పేరు మీదున్న ప్రేమ. కానీ దానికి ఒకటి రెండు రోజులే ఆయుష్షు.

అసలు పేరు ఇంకా గట్టిగా లాగుతున్నది ప్రేక్షకుణ్ణి కాదు, ఏరియా హక్కులు కొనే బయ్యర్‌ని. హీరో డేట్లిచ్చాడంటే నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాలవారీగా రేట్లు మొదలవుతాయి. బయ్యర్ మా దగ్గర అడ్వాన్స్ తీసుకుంటాడు. అప్పటికి ఒక్క రీలు కూడా ఎవరూ చూసి ఉండరు. ఒక పెద్ద సినిమాకి మామయ్య అలాగే అప్పు చేసి అడ్వాన్స్ కట్టారు. శుక్రవారం హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాం. మంగళవారం ఫస్ట్ షోకి బాల్కనీలో వరసకి ఇద్దరు కూడా లేరు. ఆ బాకీ తీరడానికి చాలా కాలం పట్టింది, తీర్చింది కూడా పెద్ద పేరున్న సినిమా కాదు.

అందుకే మీరు ఎవరి పేరు ఎంత లాగుతోందో తెలుసుకోవాలంటే పోస్టర్ మీద మొదటిరోజు కోట్లు చూడకండి. ఏదైనా చిన్న ఊళ్లో సోమవారం ఫస్ట్ షోకి వెళ్లి, ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది పిల్లలు వచ్చారో చూడండి. పెద్ద హీరోల సినిమాలు మొదటి వారం మామూలు రేటుకే వేస్తే ఆ సోమవారం హాలు ఇంతకన్నా నిండుతుందని నా గట్టి నమ్మకం. బయ్యర్లకి ఆ మాట మామయ్య ప్రతి పండక్కీ చెప్తూనే ఉన్నారు.